కొండ మీద పుట్టి సమందర్‌లో షహీద్ అయిన మహమ్మద్ హాజీయెవ్

విశాఖపట్నం బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరీన్ మ్యూజియం ఉంది. మా మనవణ్ణి తీసుకుని ఒకసారి వెళ్లాను. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలోంచి తల వంచి, కాలు ఎత్తి, రుకూలో ఉన్నట్టు వంగి దూరాలి. ప్రతి ద్వారానికీ బరువైన తలుపు. వాడు ఆ తలుపును చేత్తో తడిమి, "దాదా, ఇది మునిగిపోతే లోపల వాళ్లు ఎట్లా బయటికొస్తారు?" అన్నాడు. "మునగడానికే కదరా దీన్ని చేసింది" అని నవ్వేశాను గానీ వాడి సవాల్‌కు అది జవాబు కాదని నాకు తెలుసు. వాడు అడిగింది, మునిగి తిరిగి పైకి రాని వాళ్ల సంగతి.

కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969 డిసెంబరు 18న రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు నౌకరీ చేసి 2001లో రిటైరైంది. దాన్ని కట్టిన దేశానికి, మన వాళ్లకు సబ్‌మెరీన్ విద్య నేర్పిన ఆ నౌకాదళానికి, అంతకు ముందు తరంలో ఒక మహమ్మద్ ఉస్తాద్‌గా ఉన్నాడు. సముద్రం కనిపించని కొండపల్లెలో పుట్టి, 34 ఏళ్ల వయసులో ఉత్తర ధ్రువం దాపున మంచు సముద్రంలో మునిగిపోయాడు. ఈ కిస్సా ఆయనది.

ముందు ఆయన పేరు సంగతి చెప్పాలి. రష్యన్ పుస్తకాల్లో "మగోమెత్ ఇమాదుత్‌దీనోవిచ్ గద్జీయెవ్" అని ఉంటుంది. చదివితే ముస్లిం పేరని చప్పున తట్టదు. రష్యన్ భాషలో మన "హ" శబ్దం లేదు. హిట్లర్‌ను కూడా వాళ్లు గిట్లర్ అనే రాస్తారు. "హాజీ" అక్కడ "గద్జీ" అయింది. మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన కవి రసూల్ గంజాతోవ్ పేరులోని "గంజాత్" కూడా "హంజా"యే. మగోమెత్ అంటే మహమ్మద్. ఇమాదుత్‌దీనోవిచ్ అంటే ఇమాదుద్దీన్ కొడుకు. అంటే ఇమాదుద్దీన్ కొడుకు మహమ్మద్ హాజీయెవ్. ఇప్పుడు మన పక్కింటి అబ్బాయి పేరులా లేదూ? నేను ఈ వ్యాసంలో హాజీయెవ్ అనే రాస్తాను.

ఆయన 1907 డిసెంబరు 20న దాగిస్తాన్‌లోని మెగెబ్ అనే పల్లెలో పుట్టాడు. దాగ్ అంటే తుర్కీ భాషలో కొండ, స్తాన్ అంటే ఫార్సీలో చోటు. కొండల సీమ అన్నమాట. కాకసస్ పర్వతాల్లో రాతి ఇళ్లు మెట్లు మెట్లుగా పేర్చినట్టు ఉండే ఇలాంటి పల్లెను "ఆవుల్" అంటారు. ఆ చిన్న దేశంలో ముప్పైకి పైగా భాషలున్నాయి. మెగెబ్ చుట్టూ ఉన్న పల్లెలవాళ్లు అవార్ భాష మాట్లాడతారు, మెగెబ్ వాళ్ల మాట మాత్రం దార్గిన్ కుటుంబానిది. పల్లె దాటితే భాష మారిపోయే చోట పుట్టినవాడికి పరాయి మనుషులతో కలిసి బతకడం చిన్నప్పుడే అలవాటవుతుంది. అది తర్వాత ఆయనకు పనికొచ్చింది.

మెగెబ్ ఉన్నది గునీబ్ జిల్లాలో. కాకసస్ తారీఖు చదివినవాళ్లకు గునీబ్ పేరు చెప్పనక్కర్లేదు. జార్ సైన్యాలతో పాతికేళ్లు జంగ్ చేసిన ఇమామ్ షామిల్ 1859లో చివరిగా నిలబడి లొంగిపోయింది ఆ గునీబ్ కొండ మీదే. జార్ ప్రభుత్వం ఆయన్ను రష్యాలో నిర్బంధంలో ఉంచి, తర్వాత హజ్‌కు పోనిచ్చింది. 1871లో మదీనాలో చనిపోయాడు. జన్నతుల్ బఖీలో ఆయన కబర్ ఉంది. షామిల్ లొంగిపోయిన యాభై ఏళ్లలోపే అదే జిల్లాలో పుట్టిన పిల్లవాడు పెద్దయి రష్యన్ నావికులకు నాయకుడయ్యాడు, వాళ్లతోపాటే మునిగిపోయాడు. దునియా అలా తిరుగుతుంది.

1925లో హాజీయెవ్ నౌకాదళంలో చేరాడు. అప్పటికి 18 ఏళ్లు నిండలేదు. లెనిన్‌గ్రాద్‌లోని ఫ్రూంజే నౌకా విద్యాలయంలో చదివి 1931లో బయటికొచ్చాడు. అంతకు ముందు ఏడాదే కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. నల్ల సముద్రంలో, పసిఫిక్‌లో సబ్‌మెరీన్ల మీద పనిచేశాడు. నౌకా అకాడమీలో పై చదువు ముగించింది 1939లో. అక్కడి నుంచి ఉత్తర నౌకాదళానికి పంపారు. 1940లో అక్కడి సబ్‌మెరీన్ బ్రిగేడులో మొదటి డివిజన్‌కు కమాండర్ అయ్యాడు. కోలా అఖాతంలో మూర్మాన్‌స్క్‌కు ఉత్తరాన ఉన్న పోల్యార్నీ రేవు ఆయన ఠికానా.

ఆ డివిజన్‌లో ఉన్నవి సోవియట్ నౌకాదళంలో పెద్ద సబ్‌మెరీన్లు. కె తరగతి అంటారు. పొడవు 97 మీటర్లకు పైనే. అంటే మన కుర్సురా కంటే ఆరు మీటర్లు ఎక్కువ. 10 టార్పెడో గొట్టాలు, పైన డెక్ మీద 100 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు, 45 మిల్లీమీటర్లవి రెండు. ఆ కాలపు సబ్‌మెరీన్ అంటే ఎప్పుడూ నీటి అడుగునే ఉండేది అనుకోకండి. పైన తేలి డీజిల్ ఇంజన్ల మీద పరుగెత్తేది, అవసరమైనప్పుడు మునిగి బ్యాటరీల మీద నెమ్మదిగా నడిచేది. కె తరగతి పడవ నీటిపైన గంటకు 20 నాట్లకు పైగా పోగలదు. మునిగితే అందులో సగం, అదీ కొద్దిసేపే. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. హాజీయెవ్ గెలుపూ మౌతూ రెండూ ఈ లెక్కలోనే ఉన్నాయి.

1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. ఉత్తరాన జర్మన్ పర్వత సైన్యం మూర్మాన్‌స్క్ వైపు నడిచింది. అది చెట్టూ చేమా రోడ్డూ లేని సీమ. సైన్యానికి తిండి, మందుగుండు, బొగ్గు అన్నీ నార్వే తీరం వెంబడి ఓడల్లోనే రావాలి. పెత్సామో గనుల్లోని నికెల్ కూడా అదే దారిన జర్మనీకి పోవాలి. ఆ దారిని తెగ్గొట్టడమే హాజీయెవ్ డివిజన్ పని.

డివిజన్ కమాండర్ ప్రతిసారీ పడవెక్కాలని కాయిదా లేదు. పోల్యార్నీ ఆఫీసులో మ్యాపు ముందు కూర్చుని రేడియోలో హుకుం ఇస్తే చాలు. ప్రతి పడవకూ దాని కెప్టెన్ ఉంటాడు. హాజీయెవ్ మాత్రం ఒక పడవ దిగి ఇంకో పడవ ఎక్కుతూ కెప్టెన్ల పక్కన నిలబడ్డాడు. ఇదే ఆయన్ను పెద్దవాణ్ణి చేసింది, ఇదే ఆయన్ను తీసుకుపోయింది.

1941 సెప్టెంబరులో ఉత్కిన్ కెప్టెన్‌గా ఉన్న కె-2 మీద వెళ్లాడు. నార్వే తీరంలో ఒక రవాణా ఓడ కనిపిస్తే నీటిపైకి తేలి ఫిరంగులతో కొట్టారు. ఓడ మునిగిందనుకున్నారు. ఖుషీగా రేవులోకి వస్తూ ఒక ఉత్తుత్తి గుండు పేల్చారు. గట్టు మీద ఉన్నవాళ్లకు అది ఖబర్: ఒక ఓడ మునిగింది, మేమంతా సలామత్‌గా తిరిగొచ్చాం అని. అప్పటి నుంచి అది రివాజ్ అయింది. ఎన్ని ఓడలు ముంచితే రేవులోకి వస్తూ అన్ని గుండ్లు. యుద్ధం సాగినన్నాళ్లూ ఇతర సోవియట్ నౌకాదళాల్లో కూడా ఈ ఆచారం నడిచింది. పడవ ఇంకా మలుపులో ఉండగానే గట్టు మీద చప్పుళ్లు లెక్కపెట్టేవాళ్లట. యుద్ధం అయ్యాక జర్మన్, నార్వే కాగితాలు సరిచూస్తే ఆ సెప్టెంబరు ఓడ మునగలేదని, తప్పించుకుందని తేలింది. అబద్ధమైన గెలుపు నుంచి నిజమైన రివాజ్ పుట్టింది. ఈ మాట దాచడం నాకిష్టం లేదు. హీరోను ప్రేమించడానికి అబద్ధం లెక్కలు అక్కర్లేదు.

ఎందుకంటే అబద్ధం కాని గెలుపు ఆయనకు ఉంది. అది 1941 డిసెంబరు 3 నాటిది.

ఆ రోజు హాజీయెవ్ కె-3 మీద ఉన్నాడు. కెప్టెన్ మలోఫెయెవ్. నార్వే ఉత్తర కొసన దీవుల మధ్య "ఆల్ట్‌కిర్ష్" అనే జర్మన్ రవాణా ఓడ మీద టార్పెడోలు వదిలారు. తగల్లేదు. ఓడకు కాపలాగా వస్తున్న మూడు వేట పడవలు పసిగట్టి మీదికొచ్చాయి. ఇవి చేపల ట్రాలర్లలాంటి పడవలకు ఫిరంగులు బిగించి, నీటి లోపల పేలే డెప్త్ చార్జీలు పేర్చి తయారుచేసినవి. ఒకదాని తర్వాత ఒకటి డెప్త్ చార్జీలు పడుతున్నాయి. కె-3 ఒళ్లు చిట్లి నూనె కారడం మొదలైంది. నీటి అడుగున దాక్కున్నవాడికి ఇంతకంటే పెద్ద ఆపద లేదు. నూనె పైకి తేలి, ఇక్కడే ఉన్నాను అని వేలెత్తి చూపిస్తుంది. ఎటు జరిగినా ఆ మరక వెంటపడుతుంది.

లోపల ఉన్న దారులు రెండే. అడుగున కదలకుండా కూర్చుని ఏ బాంబు తనదో అని ఎదురుచూడటం ఒకటి. పైకి తేలి ముగ్గురు దుష్మన్‌ల ఎదుట నిలబడటం రెండోది. హాజీయెవ్ రెండోది ఫైసలా చేశాడు. నీటి అడుగునుంచి పడవ లేచింది. తలుపు తెరిచి ఫిరంగివాళ్లు డెక్ మీదికి ఉరికారు. వేటాడేవాళ్లు ఇది ఊహించలేదు. కుందేలు వెనక్కి తిరిగి కరుస్తుందని ఎవరనుకుంటారు? కొద్ది నిమిషాల్లో కె-3 గుండు ఒకటి యు.జె.-1708 అనే పడవకు తగిలింది. దాని మీద పేర్చి ఉన్న డెప్త్ చార్జీలు పేలిపోయి అది మునిగింది. మిగతా రెండూ వెనక్కి తగ్గాయి. కె-3 డీజిల్ ఇంజన్లు వేసుకుని పూర్తి వేగంతో వెళ్లిపోయింది.

సోవియట్ లెక్కల్లో ఆ రోజు ఇంకా ఎక్కువ ఓడలు మునిగినట్టు రాసుకున్నారు. జర్మన్ కాగితాల ప్రకారం మునిగింది ఆ ఒక్కటే. ఆ ఒక్కటి చాలు. పడవ నిండా ఉన్న మనుషులు ఆ రోజు బతికి ఇంటికొచ్చారు.

ఇప్పుడు 1942 మే నెలకు వద్దాం. ఏప్రిల్ నెలాఖరులో హాజీయెవ్ కె-23 ఎక్కాడు. కెప్టెన్ పొతాపోవ్. మే 12న నార్వే కొసన నార్డ్‌కిన్ అంతరీపం దగ్గర "కార్ల్ లియోన్‌హార్ట్" అనే రవాణా ఓడ ఉన్న జర్మన్ కాన్వాయ్ కనిపించింది. టార్పెడోలు వదిలారు. తగల్లేదు. వేట పడవలు మీదికొచ్చాయి. కె-23 పైకి తేలి ఫిరంగులతో జవాబిచ్చింది. డిసెంబరు కథే మళ్లీ నడుస్తున్నట్టుంది కదా?

ఒక్కటే తేడా. వెలుగు.

ఆ చోటు భూమధ్యరేఖకు 71 డిగ్రీలు ఉత్తరాన ఉంది. అక్కడ డిసెంబరు మొదటి వారంలో సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం పూట కాస్త మసక వెలుతురు, అంతే. పైకి తేలి నాలుగు గుండ్లు కొట్టి పరుగెత్తితే కొద్దిసేపట్లోనే చీకటి కడుపులో దాచుకుంటుంది. మే రెండో వారానికి అదే చోట రాత్రి అనేది ఉండదు. సూర్యుడు దిగంతం మీద పాకుతూ మళ్లీ లేస్తాడు. మగ్రిబ్‌కు, ఫజర్‌కు మధ్య చీకటి లేదు. వేట పడవల కంటే వేగంగా పరుగెత్తగలదు కె-23. విమానం కంటే వేగంగా పరుగెత్తలేదు. ఫిరంగి పోరులో దెబ్బలు తిన్న పడవను జర్మన్ విమానాలు పట్టుకున్నాయి. మళ్లీ మునగక తప్పలేదు. దెబ్బతిన్న ఒంటితో మునిగిన చోటికి వేట పడవలు చేరి డెప్త్ చార్జీలు కురిపించాయి. నూనే, చెక్క ముక్కలూ పైకి తేలాయి. మనుషులెవరూ తేలలేదు.

హాజీయెవ్ తప్పు చేశాడా? ఒడ్డున కుర్చీలో కూర్చున్న మనకు ఈ సవాల్ తేలిక. డిసెంబరులో బతికించిన హిమ్మత్తే మేలో చంపింది అని రాసేయొచ్చు. అది నిజమే, కానీ సగం నిజం. డెప్త్ చార్జీల కింద నూనె కారుతున్న పడవకు అడుగున ఉండటం కూడా మౌతే. మొదటిసారి లేచి నిలబడి బతికినవాడు రెండోసారి కూర్చుని చావడానికి ఎలా ఒప్పుకుంటాడు? ఒకసారి గెలిపించిన దారిని మనిషి వదులుకోలేడు. యుద్ధాల తారీఖు నిండా ఇలాంటి వాళ్లే ఉన్నారు. హాజీయెవ్ విషయంలో నేను చూసేది ఇంకొకటి. ఆ ఫైసలా చేసినప్పుడు ఆయన ఒడ్డున లేడు. రేడియోలో "పైకి తేలండి" అని చెప్పి టీ తాగలేదు. ఆ ఇనుప గొట్టంలోనే ఉన్నాడు.

సబ్‌మెరీన్ గురించి ఆయన చెప్పిన మాట ఒకటి రష్యన్ నావికుల నోళ్లలో ఇప్పటికీ తిరుగుతుంది. మృత్యువు ముందు మనుషులకు సబ్‌మెరీన్‌లో ఉన్నంత సమానత్వం ఇంకెక్కడా లేదని, అక్కడ గెలిస్తే అందరూ గెలుస్తారు, పోతే అందరూ పోతారని దాని భావం. మనం ముసావాత్ గురించి చాలా మాట్లాడతాం. మస్జిదులో ఒకే సఫ్‌లో నవాబూ నౌకరూ భుజం కలిపి నిలబడతారని గర్వంగా చెప్పుకుంటాం. సలాం తిప్పి బయటికి రాగానే ఎవరి కారు వాళ్లది, ఎవరి చెప్పులు వాళ్లవి. సబ్‌మెరీన్‌లో ఆ సఫ్ చెదరదు. వంటవాడూ కమాండరూ ఒకే గాలి పీలుస్తారు. ఆ గాలి అయిపోతే ఇద్దరికీ అయిపోతుంది. మామూలు యుద్ధంలో సిపాయి చచ్చిపోతే జనరల్‌కు ఖబర్ వస్తుంది. సబ్‌మెరీన్‌లో ఖబర్ మోసేవాడు కూడా మిగలడు.

ఆ మాట ఎంత నిజమో తర్వాతి హిసాబ్ చూడండి. ఆయన డెక్ మీద నిలబడి ఫిరంగి పేల్పించిన కె-2 అదే 1942లో కెప్టెన్ ఉత్కిన్‌తో సహా పోయింది. డిసెంబరులో బతికి బయటపడిన కె-3 1943 మార్చిలో కెప్టెన్ మలోఫెయెవ్‌తో సహా పోయింది. కె-22 కూడా 1943 ఫిబ్రవరిలో, కె-1 అదే ఏడాది చివర్లో. ఉత్తర సముద్రంలో పోరాడిన కె తరగతి పడవలు ఆరు. కె-21 ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అది సెవెరొమోర్‌స్క్‌లో మన కుర్సురా లాగే ఒడ్డెక్కి మ్యూజియం అయింది. అక్కడి పిల్లలు కూడా గుండ్రటి ద్వారాల్లోంచి దూరుతూ తాతల్ని అవే సవాళ్లు అడుగుతూ ఉంటారు.

1942 అక్టోబరు 23న హాజీయెవ్‌కు మరణానంతరం సోవియట్ యూనియన్ హీరో బిరుదు ఇచ్చారు. మూర్మాన్‌స్క్ సీమలో సబ్‌మెరీన్ల స్థావరంగా పెరిగిన ఊరికి 1967లో ఆయన పేరు పెట్టారు. మ్యాపుల్లో "గద్జీయెవొ" అని కనిపిస్తుంది. మధ్యలో కొన్నేళ్లు వేరే పేరు పెట్టి, మళ్లీ ఈ పేరే తెచ్చారు. రష్యా అణు సబ్‌మెరీన్లు ఇవాళ అక్కడ ఉంటాయి. బయటివాళ్లకు ప్రవేశం లేని ఊరది. అంటే అణు క్షిపణులు మోసే సబ్‌మెరీన్ల ఊరికి ఒక కొండపల్లె ముస్లిం పేరు, మక్కా వెళ్లొచ్చినవాణ్ణి పిలిచే "హాజీ" అనే మాట, రష్యన్ యాసలో అంటుకుని ఉంది. మఖచ్‌కలాలో ఓడల సామాను చేసే ఫ్యాక్టరీకి ఆయన పేరుంది. నౌకాదళంలో ఒక ఓడకు కూడా ఆయన పేరు పెట్టారు. మెగెబ్ పల్లె ఆయన్ను మరచిపోలేదు.

తమ్ముడు బులాచ్ గద్జీయెవ్ సముద్రం వైపు పోలేదు. బుయినాక్‌స్క్ పట్నంలో బడి పంతులుగా ఉండిపోయి, పిల్లల్ని వెంటేసుకుని పల్లె పల్లె తిరిగి దాగిస్తాన్ తారీఖు సేకరించాడు. ఇమామ్ షామిల్ గురించి, కొండల మీది కోటల గురించి రాశాడు. దేశమంతటికీ పేరున్న ఉస్తాద్ అయ్యాడు. అన్న కబర్ లేకుండా పోయాడు, తమ్ముడు జీవితమంతా కబర్ల మీది రాతలు చదివాడు. వాళ్లిద్దరినీ కన్న తల్లిని తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. కొడుకు జనాజా చూడలేదు, గుసుల్ లేదు, కఫన్ లేదు, పిడికెడు మట్టి వేయలేదు. నీళ్లలో మునిగి చనిపోయినవాడు షహీద్ అని హదీసు ఉంది. హాజీయెవ్ పార్టీ మనిషి. ఆయన మజహబ్ హిసాబ్ అల్లాహ్ దగ్గర ఉంది, దాన్ని తూచడానికి నేనెవర్ని? సాటి మనుషులతో కలిసి మునిగిపోయిన మనిషిగా ఆయనకు నేను తల వంచుతాను.

కె-3 గెలిచింది 1941 డిసెంబరు 3న అన్నాను. సరిగ్గా 30 ఏళ్ల తర్వాత, 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ, మన విశాఖపట్నం రేవు బయట పాకిస్తాన్ సబ్‌మెరీన్ "గాజీ" 90 మందికి పైగా నావికులతో మునిగిపోయింది. వాళ్లు మన దుష్మన్‌లు. మన ఓడను వేటాడటానికే వచ్చారు. ఆ పడవ ఇప్పటికీ అక్కడే ఇసుకలో ఉంది. కుర్సురా మ్యూజియం ఎక్కి తూర్పుకు చూస్తే కనిపించే సమందర్ అదే.

ఆ రోజు దిగి వచ్చాక మనవడు ఇసుకలో ఆడుకుంటుంటే వాడి సవాల్‌కు జవాబు వెతుక్కున్నాను. "బయటికి రారు బేటా" అని చెప్పాను చివరికి. "ఒకరు రాలేకపోతే ఎవరూ రారు. అందుకే లోపల ఉన్నప్పుడు ఒకరినొకరు వదలరు." వాడికి ఎంత అర్థమైందో గానీ, కాసేపు నీళ్ల వైపు చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. మగ్రిబ్ వేళయింది. సముద్రం వైపు తిరిగి, కబర్ లేనివాళ్లందరి కోసం ఒక ఫాతిహా చదివాను. అందులో ఎవరు ఏ జెండా కింద మునిగారో విడదీయలేదు.